గంటత్త కొట్టని గంట

గంటత్త ఎంతో శాంతమూర్తి అని ఎవరైనా అన్నారంటే, వాళ్ళు ఆవిడ బసలో ఒక్క పూట కూడా ఉండలేదని లెక్క. బూట్లు విప్పకుండా లోపలికొస్తే తిట్టేది. విప్పి గుమ్మానికి అడ్డంగా పెడితే తిట్టేది. టీ బాగుందంటే "ఈ చలికి వేడినీళ్ళు పోసినా బాగానే ఉంటుంది, పొగడ్తలు చాల్లే" అనేది. బాగాలేదనే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి, అంటే ఏం జరిగేదో తెలియదు.

ఆ బస కనుమకి కొంచెం దిగువన, చెట్లు ఆగిపోయి మంచు మొదలయ్యే చోట ఉంది. రాతిగోడల గదులు రెండు, మధ్యలో ఇనప పొయ్యి, గోడవారగా చెక్క మంచాలు, ఎప్పుడూ తడి ఉన్ని వాసన. కొండెక్కేవాళ్ళు ఓ రాత్రి అక్కడ తలదాచుకుని, తెల్లారగానే కనుమ మీదుగా శిఖరానికి వెళ్ళి, సాయంత్రానికి మళ్ళీ అక్కడికే చేరుకుంటారు. వాళ్ళకి వండిపెట్టడం, వాళ్ళ మేజోళ్ళు ఆరబెట్టడం, వాళ్ళు చెప్పుకునే గొప్పలు వినడం గంటత్త పని. అయితే ఇదంతా ఉచిత సేవ అనీ, తనకిచ్చే జీతం వసారాలో వేలాడే గంట కోసమేననీ ఆవిడ అభిప్రాయం.

ఆ గంట సంగతి కొంచెం చెప్పాలి. కనుమకీ బసకీ మధ్య పెద్ద మంచువాలు ఒకటుంది. బోర్లా పడుకున్న మనిషి వీపులా నున్నగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి దాన్ని అందరూ వీపు అనే అంటారు. కనుమ నుంచి వీపు మీదుగా తిన్నగా దిగితే బసకి దగ్గరి దారి. రెండో దారి రాళ్ళగట్టు మీదుగా ఉంది. దాని పొడుగునా ఇనప గుంజలు పాతారు. అది ముందు బసకి ఎదురుదిక్కుగా పోయి, బాగా చుట్టు తిరిగి వస్తుంది. మబ్బు దిగితే చాచిన చెయ్యి కనపడదు. అప్పుడు గంట కొడతారు. గంట వినిపిస్తే బయటున్నవాడు ఆ చప్పుడు పట్టుకుని నడిచి రావాలి. వినిపించకపోతే, వీపు ఇవాళ నమ్మదగ్గదిగా లేదని అర్థం. ఉన్నచోటే ఏ రాయి చాటునో కూర్చుండిపోవాలి. ఎందుకంటే గంట దిక్కు చెప్తుంది గానీ దారి చెప్పదు. మబ్బులో గంట విన్నవాడికి గుంజల వెంట ఎదురుదిక్కుగా పోవాలంటే మనసొప్పదు. నెత్తీనోరూ బాదుకుని చెప్పినా సరే, వాడి కాళ్ళు తిన్నగా చప్పుడు వైపే, వీపు మీదికే పోతాయి.

అందుకని గంటత్త ఎవర్నీ ఊరికే పైకి వదిలేది కాదు. గుమ్మంలో నిలబెట్టి "గంట మోగితే?" అనేది. నడుస్తాం అనాలి. "మోగకపోతే?" కూర్చుంటాం అనాలి. అలా ఒక్కొక్కరి నోటా అనిపించాకే పక్కకి తప్పుకునేది. ఓసారి రిటైరైన జడ్జిగారొకాయన "నాకు తెలుసమ్మా" అన్నాడట. "తెలిసినవాళ్ళు చెప్తే వినడానికి ఇంకా బాగుంటుంది, చెప్పండి" అందట. పాపం ఆయన చేతులు కట్టుకుని అప్పజెప్పాడు.

ఆ గంటతాడు మొదట్లో ఆవిడ భర్త చేతిలో ఉండేది. పెళ్ళయిన కొత్తలో ఆయన వెంట వచ్చి, మొదటి చలికాలమంతా ఏడ్చిందట. ఆ తర్వాత ఏడవడానికి తీరిక దొరకలేదని ఆవిడే చెప్పేది. మోకాళ్ళు అరిగిపోయి ఆయన కింద ఊళ్ళో కూతురి దగ్గరికి చేరాక తాడు ఆవిడ చేతికొచ్చింది. ఆయనకి ఊరికే కూర్చోవడం చేతకాక సహాయ దళం ఆఫీసులో వైర్‌లెస్ ముందు కుర్చీ వేసుకున్నాడు. రోజూ పొద్దున్నే ఆవిడ పైనుంచి వాతావరణం చెప్పాలి, అది ఉద్యోగం. దాని వెనకే మొగుడూ పెళ్ళాల పోట్లాట, అది కొసరు. ఆ కొండల్లో వైర్‌లెస్ పెట్టె ఉన్న ప్రతివాడూ పొద్దుటి టీ అది వింటూనే తాగేవాడు.

ఆ రోజు పోట్లాట మోకాలి మాత్రల గురించి. ఆయన మాత్రలు మానేసి ఆ సంగతి దాచాడు, కూతురు బయటపెట్టింది. గంటత్త ఒంటికాలి మీద లేచింది. సరిగ్గా ఆ సమయంలో, రాత్రి బసలో పడుకున్న అన్నదమ్ములిద్దరూ పైకి బయల్దేరారు. అన్న కింద ఊళ్ళో ప్రింటింగ్ ప్రెస్సు నడుపుతాడు. తమ్ముడు సిటీ బస్సు డ్రైవరు, పెళ్ళీడు దాటుతున్నా ఇంకా అన్న నోట్లో "చిన్నోడే". అన్న గుమ్మంలో నిలబడి బుద్ధిగా అప్పజెప్పాడు. తమ్ముడు అప్పటికే బయటికి వెళ్ళి బూట్లకి ఇనపముళ్ళు బిగించుకుంటున్నాడు.

"మీ తమ్ముణ్ణి ఓసారి లోపలికి రమ్మను" అంది గంటత్త, మైకుకి అరచెయ్యి అడ్డం పెట్టి.

"నేను చెప్తాలెండి అత్తా" అన్నాడు ప్రెస్సాయన.

వద్దు, పిలువు అనాల్సింది. కానీ అదే క్షణంలో పెట్టెలోంచి మొగుడుగారు "ఆ మాత్రలు వేసుకుంటే కడుపులో మంటే" అన్నాడు. దానికి జవాబు చెప్పకుండా ఊరుకోవడం ఆవిడ వల్ల కాలేదు. వెళ్ళు వెళ్ళు అన్నట్టు చెయ్యూపేసింది. ఇన్నేళ్ళలో అలా ఒక్కణ్ణి అప్పజెప్పించుకోకుండా వదలడం అదే మొదలు. దానికి ఇంకే రోజూ దొరకనట్టు ఆ రోజే దొరికింది.

మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది. ముందురోజు కురిసిన మంచునంతా కనుమ అవతల నుంచి ఊడ్చుకొచ్చి వీపు మీద పోసింది. దాని వెనకే మబ్బు దిగింది. గంటత్త నీళ్ళకని బకెట్టూ పారా తీసుకుని, మంచు తవ్వుకోవడానికి వీపు అంచుకి వెళ్ళింది. పార దించగానే కాళ్ళ కింద ధబ్‌మని లోతుగా చప్పుడైంది. నిలబడ్డ నేల వేలెడు కిందికి దిగింది. పార పక్కనుంచి సన్నటి బీట ఒకటి మబ్బులోకి పరిగెత్తింది. పైన గట్టి పొర, కింద దేన్నీ పట్టుకోని పొడి మంచు. ఒక్క మనిషి కాలు పడితే వీపు మొత్తం పెళ్ళగిలి లోయలోకి పోవచ్చు. పోకపోవచ్చు కూడా. గంటత్త పై ప్రాణాలు పైనే పోయాయి. బకెట్టు అక్కడే వదిలేసి, వచ్చిన అడుగుల్లోనే అడుగులేస్తూ వెనక్కొచ్చింది.

రాగానే వసారాలో స్టూలెక్కి గంట నాలుక ఊడదీసింది. వీపు ధబ్‌మన్న రోజు అలా చెయ్యడం ఆ బసలో మొదట్నించీ ఉన్న పద్ధతి. గాలికి గంట తనంతట తాను మోగి మనిషిని పిలవకూడదు. చెయ్యంత ఇనప నాలుకని ఒళ్ళో పెట్టుకుని, శాలువా కప్పుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. ఆ రోజు పైనున్నది అన్నదమ్ములిద్దరే. పెద్దవాడికి తెలుసు. చిన్నవాడికి అన్న చెప్పే ఉంటాడు. చెప్పే ఉంటాడు అని ఎన్నిసార్లు అనుకున్నా మనసు కుదుటపడలేదు.

తలుపు దబదబా మోగింది. తీస్తే ప్రెస్సాయన ఒక్కడే. కనుబొమలు గడ్డకట్టి ఉన్నాయి.

"గంట కొట్టండత్తా! చిన్నోడు పైనే ఉన్నాడు. మోకాలు మెలికపడింది. మబ్బు దిగుతోంటే, అది గుంజల్ని పూర్తిగా కమ్మేలోపు వాటి వెంట నేను వచ్చేశాను. రాళ్ళ మీద వాడు దిగలేడు, మెత్తటి మంచు మీదైతే కూర్చుని జారుతూ అయినా వచ్చేస్తాడు. గంట కొట్టిస్తాను, వినపడగానే బయల్దేరు అని మాటిచ్చి వచ్చాను."

గంటత్తకి సంగతి అర్థమైంది. అంటే పైన ఉన్నవాడు గంట కోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. మోగడమే తరువాయి, వీపు మీదికి దిగుతాడు.

ఆవిడ జవాబు చెప్పేలోపే అతను వసారాలోకి పరిగెత్తి తాడు లాగాడు. తాడు ఊగింది గానీ చప్పుడు లేదు. ఇంకా గట్టిగా లాగాడు. తల పైకెత్తి చూసి, లోపలికొచ్చాడు.

"నాలుకేది?"

"నా దగ్గరుంది. కూర్చో, చెప్తాను." చెప్పింది. ధబ్‌మనడం, బీట, గాలి తెచ్చి పోసిన మంచు, అంతా.

"జారుతుందని మీకు కచ్చితంగా తెలుసా?"

"తెలీదు."

"పైనే ఉంటే వాడు చచ్చిపోతాడని నాకు కచ్చితంగా తెలుసు."

"అదీ నీకు తెలీదు నాయనా. రాయి చాటున కదలకుండా కూర్చుని తెల్లారేదాకా నిలిచినవాళ్ళున్నారు."

"నిలవనివాళ్ళు?"

గంటత్త అబద్ధం చెప్పలేదు. "వాళ్ళూ ఉన్నారు" అంది. తర్వాత అడగాల్సింది అడిగింది. "పొద్దున తమ్ముడికి చెప్పావా? మోగకపోతే కూర్చోవాలని?"

"చెప్పాను" అన్నాడు ఠక్కున. అన్నాక ఆ మాటకి ఏం జరగబోతోందో అర్థమైంది కాబోలు, ముఖం మారిపోయింది. "లేదత్తా. చెప్పలేదు. మర్చిపోయాను. వాడికేం తెలీదు. గంట మోగకపోతే విసుగొచ్చి ఎటో నడుస్తాడు. కనుమకి అవతల అంతా కొండచరియే. పడిపోతాడు. కొట్టండత్తా, మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఒకే నోట రెండు మాటలు. మొదటిది నిజమైతే గంట కొట్టకూడదు. రెండోది నిజమైతే కొట్టి తీరాలి. వీపు జారుతుందో లేదో తెలియదు గానీ చరియ మీంచి పడ్డవాడు బతకడు. గంటత్త అతని ముఖంలోకి చూసింది. కరుగుతున్న మంచేదో కన్నీళ్ళేవో తెలియకుండా చెంపలంతా తడి. ఆ ముఖంలో నిజం వెతకడం ఎవరి తరమూ కాదు. తమ్ముడి కోసం అతను ఎన్ని అబద్ధాలైనా ఆడతాడు. ఆడడం తప్పని కూడా ఆవిడకి అనిపించలేదు.

"చెప్పలేదన్నావు. సరే" అంది నెమ్మదిగా. "మరి పొద్దున బయటికెళ్ళాక ఇద్దరూ పడీపడీ నవ్వారు. నాకు ఇక్కడికి వినపడింది. దేనికి నవ్వారు?"

ప్రెస్సాయన పొయ్యి వైపు తిరిగి చేతులు చాపాడు.

"నా పోట్లాటకా?"

"కాదు."

"మరి?"

"మిమ్మల్ని వెక్కిరించాను" అన్నాడు చివరికి. "మీ గొంతుతో. గంట మోగితే? మోగకపోతే? అని."

"వాడేమన్నాడు?"

"నా బస్సు కూడా అంతేగా అన్నాడు. కండక్టరు గంట కొడితేనే కదులుతుంది, వెనకాల జనం ఎంత అరిచి చచ్చినా గంట పడందే చక్రం కదపను అన్నాడు." అతను ఆవిడ వైపు తిరిగాడు. "సరదాకి అన్నాడత్తా అది. సరదాకి అన్నమాట మీద వాడి ప్రాణం పెడతారా?"

గంటత్త అదే ఆలోచిస్తోంది. బుద్ధిగా చెప్పింది మర్చిపోతారేమో గానీ వెక్కిరిస్తూ చెప్పింది మనిషికి బాగా గుర్తుంటుంది. పైగా ఏళ్ళ తరబడి గంట పడందే బండి కదపని మనిషి. ఆ అలవాటు కాళ్ళలో ఉండే ఉంటుంది. ఉంటుందా? ఆవిడ లేచి, "ముందు ఇంకో దారి చూద్దాం" అంది.

గుంజల వెంట మనిషి వెళ్ళగలిగితే గంట గొడవే లేదు. ప్రెస్సాయన తనే వెళ్తానన్నాడు. అతని వేళ్ళు తెల్లగా కొయ్యబారి, కోటు గుండీ కూడా పట్టుకోలేకపోతున్నాయి. గంటత్త తన నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస వసారా స్తంభానికి ఒక చుట్టు వేసి, అతని ముంజేతికి చుట్టింది. "నేను లాగితే నువ్వు లాగు" అని చెప్పి మబ్బులోకి దిగింది.

మొదటి గుంజ చేతికి తగిలింది. రెండోది ఎటుందో తెలియలేదు. నేలకీ గాలికీ తేడా లేదు, అంతా ఒకే తెలుపు. పాక్కుంటూ కొంచెం ముందుకెళ్ళింది. గట్టు మీది గాలి చీపురుతో తోసినట్టు తోసేసింది. ఒక కాలు ఖాళీలోకి పోయింది. తాడు నడుముని కోసేస్తూ బిగుసుకుంది. లోపలినుంచి ఆ కొయ్యబారిన చేతులవాడు మోచేతులతో, భుజంతో, పళ్ళతో లాగాడని తర్వాత తెలిసింది. ఆవిడ బతికి వసారాలో పడింది. ఆ దారి మూసుకుపోయింది.

గంటత్త వైర్‌లెస్ అందుకుంది. కింద భర్త అంతా విన్నాడు. తెల్లారేదాకా దళం కదలడం కుదరదన్నాడు.

"ఏమండీ" అంది ఆవిడ. "మీరైతే ఏం చేస్తారు?"

పెళ్ళయిన నాటినుంచి ఆవిడ ఆయన్ని సలహా అడగడం అదే మొదటిసారి.

"నేను కుర్చీలో కూర్చుని ఉన్నానే" అన్నాడాయన. "నా కాళ్ళ కింద ఏమీ ధబ్‌మనలేదు. ఇక్కణ్ణించి నేనేం చెప్పినా తప్పే అవుతుంది. నువ్వే చూసుకో."

ఆవిడ మైకు పెట్టి వెనక్కి తిరిగేసరికి ప్రెస్సాయన పొయ్యి పక్కనున్న ఇనప చువ్వ పట్టుకుని నిలబడి ఉన్నాడు. వేళ్ళతో పట్టుకోలేక రెండు అరచేతుల మధ్య ఇరికించుకున్నాడు. గంటకి నాలుకే అక్కర్లేదు, ఇనుముతో బాదితే చాలు.

గంటత్త గుమ్మంలోకి వెళ్ళి అడ్డంగా నిలబడింది. మనిషి అతని భుజం దాకా కూడా రాదు.

"తప్పుకోండి."

"తప్పుకోను."

"మిమ్మల్ని కొట్టాల్సొస్తుంది."

"కొట్టు. కొట్టేముందు ఒక్కటి ఆలోచించుకో. నువ్వు గంట కొట్టాక వాడు దిగుతూ వీపు కింద పడి పోయాడనుకో. మీ అమ్మకి ఏం చెప్తావు? నేనే కొట్టి పిలిచానని చెప్పగలవా? చెప్పకుండా దాచుకుని బతగ్గలవా?" ఆవిడ ఆపలేదు. "కొట్టక వాడు పోతే, అది చెప్పడం నీకు తేలిక. ఆ ముసల్ది కొట్టనివ్వలేదమ్మా అను. ఊరంతా చెప్పు. నువ్వు ఎంత బతిమాలినా కొట్టలేదని చెప్పు, అది నిజమే కదా. నన్ను తిట్టుకుంటూ బతకొచ్చు. నిన్ను నువ్వు తిట్టుకుంటూ బతకలేవు. ఇది నా మీద వదిలెయ్."

అతను చువ్వ ఎత్తాడు. గంటత్త కళ్ళు మూసుకుంది. దెబ్బ పడలేదు. చువ్వ నేల మీద పడిన చప్పుడు వినిపించింది. కళ్ళు తెరిస్తే అతను గోడవారగా కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఆవిడ వెళ్ళి పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. ఓదార్చే హక్కు తనకి లేదనుకుంది. అతని చేతులు తన శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఒళ్ళోకే గంట నాలుకని కూడా మళ్ళీ తెచ్చుకుంది. ఒక్కోసారి గాలి తెరిపి ఇచ్చినప్పుడు, ఇప్పుడు కొడితే వినపడుతుంది, ఇప్పుడు కొడితే వచ్చేస్తాడు అని ఇద్దరికీ ఒకేసారి అనిపించేది. ఆ సంగతి ఇద్దరికీ తెలిసేది.

తెల్లవారేసరికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. దళంవాళ్ళు గుంజల వెంట పైకెళ్ళారు. కనుమ దగ్గర రాతి చాటున చిన్నోడు మెడదాకా మంచులో కూరుకుపోయి కూర్చుని ఉన్నాడు. గాలి పోసిన ఆ మంచే కప్పుకుని బతికాడు. పెదాలు కదుపుతున్నాడు. "చెప్పినట్టే కూర్చున్నాడు" అని దళంవాళ్ళు వైర్‌లెస్‌లో చెప్పారు. గంటత్త పెట్టె మీద తల ఆనించి ఉండిపోయింది.

ఆస్పత్రిలో అతని రెండు పాదాలూ తీసేశారు.

వీపు మాత్రం జారలేదు. ఆ రోజు జారలేదు, ఆ వారం జారలేదు, ఆ చలికాలమంతా జారలేదు. ఎండలు ముదిరాక మర్యాదగా, చుక్కచుక్కగా కరిగి వాగులోకి పోయింది. దాంతో మాటలు మొదలయ్యాయి. ఒక్కసారి గంట కొట్టి ఉంటే కుర్రాడు తన కాళ్ళ మీద తను నడిచొచ్చేవాడు అన్నారు. ముసలావిడకి చాదస్తం అన్నారు. గంటని కుర్రకారుకి అప్పజెప్పాలన్నారు. బసకి వచ్చేవాళ్ళు ఇదివరకటిలాగే గుమ్మంలో అప్పజెప్పేవాళ్ళు గానీ ఆవిడ కళ్ళలోకి చూసేవాళ్ళు కాదు. ఒక పొద్దున వాతావరణం చెప్పడం అయ్యాక భర్త, "ఆ రోజు అడిగావు కదా" అన్నాడు. "ఇన్నాళ్ళూ ఆలోచించాను. నేనైతే కొట్టేవాణ్ణే." గంటత్త దానికి పోట్లాడలేదు. "సరే" అని పెట్టె కట్టేసింది. ఆ తర్వాత చాలా రోజులు వైర్‌లెస్‌లో వాతావరణం తప్ప ఇంకేమీ వినపడక కొండల్లో జనానికి పొద్దుటి టీ చప్పబడిపోయింది.

వేసవిలో బస మూశాక గంటత్త ఊళ్ళోకి దిగింది. కూతురు వద్దంటున్నా వినకుండా ప్రెస్సు ఎక్కడో అడిగి తెలుసుకుని వెళ్ళింది. ముందు ప్రెస్సు, వెనక ఇల్లు. సిరా వాసన. మెషీన్ ధనధనా ఆడుతోంది. తల్లి తలుపు తీసి, ఎవరో తెలిశాక పక్కకి తప్పుకుంది. ప్రెస్సాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. రెండు వేళ్ళ కొసలు లేవు.

"ఇప్పుడు దారి తెలిసిందా?" అన్నాడు. అయినా తనే లోపలి గదిలోకి తీసుకెళ్ళి, కుర్చీ లాగి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

చిన్నోడు మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. దుప్పటి మోకాళ్ళ కిందే కొంత దూరంలో చదునైపోయింది. గంటత్తకి చెప్పాలనుకున్నవన్నీ మర్చిపోయి, ముందు నోట్లోకొచ్చింది అనేసింది.

"మీ అన్న నీ బస్సు సంగతి చెప్పాడు బాబూ. గంట పడందే కదపవని. అది నమ్ముకునే నేను కొట్టలేదు."

అతను కొంచెం నవ్వాడు. "బస్సు నాకు గుర్తే రాలేదత్తా."

"మరి మోగకపోతే కూర్చోవాలన్న మాట?"

"అదీ గుర్తు రాలేదు." అతను అన్న వైపు చూసి, మళ్ళీ దుప్పటి వైపు చూశాడు. "గంట కోసమే కూర్చున్నాను. ఎంతకీ మోగలేదు. మాటిచ్చి కొట్టించకుండా ఉండే మనిషి కాదు అన్న. అంటే బసకి చేరలేదు, గుంజల దగ్గరే ఎక్కడో పడిపోయాడు, నాకోసం వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు అనుకున్నాను. ఇంక అమ్మ దగ్గరికి ఒక్కణ్ణే ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? నడవాలనిపించలేదు. చచ్చిపోదామనే కూర్చున్నాను."

ఈ మాట అతను ఇదివరకు ఎవరితోనూ అన్నట్టు లేదు. గుమ్మంలో ప్రెస్సాయన తలుపు చెక్క పట్టుకున్నాడు.

గంటత్తకి కాళ్ళ కింద మళ్ళీ నేల దిగినట్టయింది. తను లెక్కగట్టిందంతా తప్పు. నమ్ముకున్న మాట వాడికి గుర్తే లేదు. తను కొట్టని గంట ఆ కుర్రాడికి కూర్చో అని చెప్పలేదు, మీ అన్న పోయాడని చెప్పింది. ఆ రాత్రంతా వాడు బతికున్న అన్న కోసం ఏడుస్తూ కూర్చున్నాడు.

"అత్తా, ఒకటి అడగనా?" అన్నాడతను. "నేను నడిచి ఉంటే అది జారేదా?"

జారేది నాయనా, కచ్చితంగా జారేది. ఆ ఒక్క ముక్క అంటే చాలు. పోయిన పాదాలకి ఒక అర్థం దొరుకుతుంది. గుమ్మంలో ఉన్నవాడికి ఆ రోజునుంచీ పట్టని నిద్ర పడుతుంది. తన గంట తనకి మిగులుతుంది. కాదనగలిగినవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ లేరు. ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలీదు నాయనా" అంది. "ధబ్‌మంది. బీట పడింది. నాకు తెలిసింది అంతవరకే."

అతను తలాడించాడు. కోపం రాలేదు, ఓదార్పూ దొరకలేదు.

"మళ్ళీ అలాంటి రోజొస్తే?"

"కొట్టను."

"పైన మీ ఆయన ఉన్నా?"

గంటత్త తల అడ్డంగా ఊపింది, కొట్టనని. ఊపుతూ ఊపుతూనే అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా కట్ట తెంచుకుంది. రెండు చేతుల్లో ముఖం దాచుకుని, ఎదురుగా ఉన్నవాళ్ళని కూడా మర్చిపోయి గట్టిగా ఏడ్చింది.

ప్రెస్సాయన గుమ్మం వదిలి లోపలికొచ్చాడు. ఆవిడ వైపు చూడలేదు. నేరుగా వెళ్ళి తమ్ముడి మంచం మీద, పాదాలుండాల్సిన చోట కూర్చున్నాడు.

"నేను పోలేదురా" అన్నాడు. "చూడు. పోలేదు."